సన్యాసమ్మ చెప్పిన వయసు

సన్యాసమ్మకు అబద్ధమాడటం చేతకాదు. ఆడిన ఒక్కటీ ఆమె కొంపే ముంచింది.

బతుకుతెరువుకు వచ్చిన ఉత్తరాది ఉక్కు ఊళ్ళో కాపురం భుయ్యాడీహ్ బస్తీలో, పాచిపని బారిడీహ్ కాలనీలో కస్తూరమ్మగారింట్లో. కస్తూరమ్మదీ శ్రీకాకుళం వైపే, భర్త ఆఫీసరు. ఇద్దరూ ఒకే వానాకాలంలో మగపిల్లల్ని కన్నారు. కస్తూరమ్మ కొడుకు ఆదిబాబునీ, తన సూర్యాన్నీ సన్యాసమ్మ ఒకే ఉయ్యాల్లో ఊపి పెంచింది. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆదిబాబు ఇంగ్లీషు బడికీ, సూర్యం కాంట్రాక్టరు దగ్గర తట్టలు మోయడానికీ పోతున్నారు. కార్ఖానా గేటు దగ్గర వయసడిగితే పద్దెనిమిదని చెప్పమని కొడుక్కి తనే నేర్పింది. లేకపోతే పనిలోకి రానిస్తారా ఏం?

దారులు వేరైనా పిల్లల దోస్తీ పోలేదు. డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఇద్దరూ కలిసి ఎక్కడిదో రాగితీగ చుట్ట ఎత్తుకెళ్ళి, జుగ్సలాయి పాతసామాన్ల బజారులో అమ్మబోతూ పోలీసులకు దొరికిపోయారు. సినిమా సరదా, ఇంకేముంది! ఆఫీసరుగారి స్కూటరు ఠాణా ముందు ఆగగానే దరోగా, అంటే అక్కడి ఎస్సై, కుర్చీ వేయించాడు. "బచ్చా హై", చిన్నపిల్లాడేలే అంటూ ఆదిబాబు చెంప నిమిరి ఇంటికి పంపేశాడు. తరవాత సన్యాసమ్మ వైపు తిరిగి, మీవాడి వయసెంత అన్నాడు. నిజం చెబితే వాడి పని ఊడుతుందని ఆమె భయం.

"అఠారా, సాబ్. పద్దెనిమిది" అనేసింది. పాపిష్టి నోరు! సూర్యాన్ని పిల్లల జైలుకు కాకుండా పెద్ద జైలుకు పంపారు.

సంగతి తెలిశాక లబోదిబోమంటూ పరుగెత్తింది. పద్నాలుగే బాబూ అంటే, పట్టుబడ్డాక ప్రతి తల్లికీ కొడుకు చిన్నవాడైపోతాడని నవ్వారు. ఎవరైనా పెద్దమనుషులు వచ్చి చెబితే చూద్దామన్నారు.

వెళ్ళి కస్తూరమ్మ కాళ్ళు పట్టుకుంది. "ఆడి వయసు మీకు తెల్దా అమ్మగారూ? ఒక్కపాలి వొచ్చి సెప్పండమ్మా."

"ఎలా వస్తానే? మావాడి పేరు మళ్ళీ పైకొస్తుంది." కస్తూరమ్మ కళ్ళు తుడుచుకుంది. కదలలేదు మాత్రం.

ఏడాది దాటినా కేసు తెమలలేదు. వాణ్ణి ఎక్కడో దూరపు జైలుకు మార్చారు. బస్సెక్కి వెళ్తే చూడనివ్వక గేటు నుంచే తిప్పి పంపారు. అమ్మా అన్న ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. అన్నం వార్చిన ప్రతిసారీ ఏడుపొచ్చేది.

పక్కింటి నూకాలమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "ఏటే, నీకు సిగ్గు నేదా? నీ కొడుకుని గాలికొదిలేసినోళ్ళ గిన్నెలు ఇంకా తోముతున్నావేటి? ఆ పని మానీయే!"

సన్యాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మానలేనే. ఆదిబాబు నా సెవి కాడికి ఎదిగినాడు. మొన్నటేల గొంతు కూడా మారినాది. ఆడ్ని సూడకపోతే, నా సూరిగాడు ఎంతోడయ్యాడో నాకెలాగ తెలుత్తాదే?"