హ్యాష్ గుర్తు ముందు ఖాళీ కుర్చీ

అరకులోని ఆ కంప్యూటర్ కేంద్రం గురించి ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మొన్న పాత విద్యార్థులంతా అక్కడ కలుసుకున్నారట. భోజనాలు పెట్టుకున్నారట, ఫొటోలు దిగారట. నాకు కబురు లేదు. పోనీలే అనుకునేవాణ్ణి. కాని మా మాస్టారు మైకు పట్టుకుని, "మనకో కొండ గుంటడుండేవోడు, గుర్తుందా? ఒక్క దెబ్బకి అందరి ఫైళ్ళూ ఊడ్సేసినాడు" అన్నారట. అందరూ నవ్వారట. ఆ నవ్విన వాళ్ళలో ఒకడు నాకు ఫోన్ చేసి మరీ సంతోషంగా చెప్పాడు.

ఆ గుంటడు, అంటే ఆ కుర్రాడు, నేనే. ఊడ్చింది మాత్రం నేను కాదు. ఈ మాట చెప్పడం నాకు ఇది మొదటిసారి కాదు. వినడమే ఇంతవరకు ఎవరికీ కుదరలేదు.

మాది హుకుంపేట నుంచి లోపలికి నడిచి వెళ్ళాల్సిన ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంటర్ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో, అరకు రైల్వేస్టేషన్ వెనక అద్దె ఇంట్లో ఏదో సంఘం వాళ్ళు కంప్యూటర్ కేంద్రం పెట్టారని విని వెళ్ళాను. ఏజెన్సీ పిల్లలకు ఉచితం అన్నారు. తీరా వెళ్తే సగం మంది బజారులో దుకాణాలున్నవాళ్ళ పిల్లలు, రైల్వే క్వార్టర్ల పిల్లలు. మిగిలిన సగం మేము. లోపలికి దుమ్ము రాకూడదని చెప్పులు బయటే విప్పించేవారు. చలికాలంలో ఆ గచ్చు మీద పాదం ఆనించలేక కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, "ఇదేటిరా, భజన మఠం అనుకున్నావా?" అన్నారు మాస్టారు. నా పక్క వరసలో రైల్వే వాళ్ళబ్బాయి ఉన్ని సాక్సులు వేసుకుని హాయిగా ఉండేవాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.

మాస్టారు విజయనగరం వైపు మనిషి. విశాఖలో కంపెనీలో పనిచేసి వచ్చారు. పాఠం బాగా చెప్పేవారు, ఆ మాట దాచను. మొదటి రోజే మౌసులన్నీ పీకించి పక్కన పెట్టించారు. "బొమ్మల మీద నొక్కడం ఎవుడైనా నొక్కుతాడు. మీరు నల్ల తెర నేర్సుకోండి. ముందు ముందు దొంగలు కంప్యూటర్లలోనే పడతారు. వాటికి కాపలా కాసేవోళ్ళకి మంచి ఉద్యోగాలుంటాయి" అన్నారు.

కాపలా అనే మాట నన్ను పట్టుకుంది. జొన్న కంకి వేసే రోజుల్లో మా నాన్న మంచె దిగేవాడు కాదు. అడవిపంది ఏ మూల నుంచి దూరుతుందో చూడటమే ఆయన పని. ఆ పని నాకూ వస్తుందనిపించింది. పైగా ఆరు నెలలు పోయాక విశాఖ నుంచి ఒక ఆఫీసు వాళ్ళు వచ్చి, మేం చేసిన పనులు చూసి, ఇద్దరిని ఆ కాపలా ఉద్యోగానికి తీసుకుంటారని చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను కావాలి. ఆ గదిలో నాకు కావలసింది అదొక్కటే.

మూలన ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. అందులో లినక్స్. మా ముందున్న పాతవన్నీ వైర్లతో దానికి తగిలించినవే. మేం ఏం కొట్టినా పని జరిగేది దానిలో, ఫైళ్ళు దాచుకునేదీ దానిలో. పి డబ్ల్యు డి అని కొడితే మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉన్నామో చెబుతుంది. "రోడ్లేసే ఆఫీసోళ్ళు దీన్లో కూడా ఉన్నారేటి మాస్టారూ?" అని ఎవరో అంటే గది గదంతా నవ్వింది. ఎల్ ఎస్ కొడితే అక్కడేమున్నాయో చూపిస్తుంది. సి డి కొడితే ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్తాం. ఆర్ ఎం కొడితే చెరిపేస్తుంది. మళ్ళీ ఇమ్మంటే ఇవ్వదు.

బజారు పిల్లలకు తలా ఒక ఖాతా, తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. కొండ పిల్లలందరికీ కలిపి ఒకటే. నేను అడిగాను.

"నీకెందుకురా సొంత ఖాతా? నీ ఫైళ్ళు ఎవుడెత్తుకుపోతాడు?" అన్నారు మాస్టారు.

"వాళ్ళవి ఎవరెత్తుకుపోతారు మాస్టారూ?"

"నోరెక్కువైపోతంది నీకు. బేగి ఆ పాఠం కానీ."

మర్నాడు మళ్ళీ అడిగాను. వారం పోయాక మళ్ళీ. చివరికి విసుగెత్తి ఇచ్చారు. మిగతా కొండ పిల్లలకు అప్పుడు కూడా ఇవ్వలేదు. గెలిచాననుకున్నాను. ఆ గెలుపే తరవాత నా మెడకు చుట్టుకుంది.

ఫైళ్ళ అనుమతుల పాఠం దగ్గర అందరూ ఆగిపోయారు. చదవడం, రాయడం, నడపడం అని మూడు అనుమతులు. ఫైలును నడపడమంటే తెలుస్తుంది, ఫోల్డర్‌ను నడపడమేమిటి? నా పక్కన కూర్చునే అమ్మాయి తండ్రి మిషన్ బడిలో టీచరు. నన్ను అన్నా అని పిలిచేది. ఆమె అదే అడిగింది. నేనన్నాను: "మీ కాఫీ తోటలోంచి మా ఊరికి దారుందనుకో. నడిచిపోతుంటే ఎవరైనా అడ్డం చెబుతారా?"

"సెప్పరు."

"అలాగని నిలబడి ఎన్ని చెట్లున్నాయో లెక్క పెడితే ఊరుకుంటారా? పండు కోస్తే ఊరుకుంటారా?"

"మా నాన్న కర్ర తీసుకొస్తాడు."

"అదే. నడిచిపోయే హక్కు వేరు, చూసుకునే హక్కు వేరు, చెయ్యి పెట్టే హక్కు వేరు. ఫోల్డర్‌కి మూడోది నడిచిపోయే హక్కు."

"ఓలమ్మో, ఇంతేనా!" అంది.

మాస్టారు మా వెనకే నిలబడి విన్నారు. కొన్నాళ్ళకు పాడేరు నుంచి అధికారులు కేంద్రం చూడటానికి వచ్చినప్పుడు, "కొండ పిల్లలకి తెలిసేటట్టు నేనిలా చెబుతానండీ" అని ఆ కాఫీ తోట దారినే చెప్పారు. వాళ్ళు తలలూపి మెచ్చుకున్నారు. నేను రెండో వరసలోనే ఉన్నాను. ఆయన కళ్ళు నా మీదుగా దాటుకుని కిటికీ వైపు వెళ్ళాయి.

అప్పట్లో అరకులో కరెంటు గాలి వీస్తే పోయేది, వాన పడితే పోయేది, ఏమీ లేకపోయినా పోయేది. దానివల్ల మా గదికి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరూ లాగవుట్ చేసేవారు కాదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచి వెళ్ళిపోయేవాళ్ళం. ఎలాగూ కాసేపట్లో కరెంటు పోతుంది, అన్నీ ఆరిపోతాయి, తిరిగి వచ్చాక పాస్‌వర్డ్ కొడితేగాని రానివ్వదు. తలుపులు మూసే పని కరెంటాఫీసే చేసిపెట్టేది. మాస్టారూ అంతే. ఆయన పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని రూట్ ఖాతాలో పనిచేసేవారు. రూట్ అంటే అన్నిటికీ యజమాని. ఎవరి ఫైలైనా చూడొచ్చు, చెరపొచ్చు. మా తెరల మీద వరస చివర డాలరు గుర్తుంటే, ఆయన తెర మీద హ్యాష్ గుర్తుండేది. టీకి వెళ్ళినా, బజారుకు వెళ్ళినా దాన్ని అలా తెరిచి వదిలేసి వెళ్ళేవారు.

తరవాత సంఘం వాళ్ళు యూపీఎస్, పెద్ద బ్యాటరీలు పంపారు. వాటికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. కరెంటు పోయినా పెద్ద కంప్యూటర్ ఆరిపోవడం మానేసింది. మేం మాత్రం లేచి వెళ్ళిపోవడం మానలేదు.

ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది. పాఠం మధ్యలో మెడ తిప్పి చూసేవాణ్ణి. ఖాళీ కుర్చీ. దాని ముందు హ్యాష్ గుర్తు, పక్కన మిణుకు మిణుకుమంటూ గీత. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. నేను లేచేవాణ్ణి, గుమ్మం దాకా వెళ్ళి మాస్టారు వస్తున్నారేమో చూసేవాణ్ణి, వచ్చి కూర్చునేవాణ్ణి, మళ్ళీ లేచేవాణ్ణి. ఆఖరికి చెప్పాను.

"మాస్టారూ, మీరు బయటికి వెళ్ళినా రూట్ అలాగే తెరిచి ఉంటోంది. ఇదివరకు కరెంటు మూసేసేది. ఇప్పుడు మూసేవాళ్ళెవరూ లేరు."

"నువ్వు నా తెర వైపు ఎందుకు సూత్తన్నావు?"

"కాపలా పని అన్నారు కదండీ."

"ముందు నీ తెరకి కాపలా కాసుకో."

మర్నాడు అందరి ముందూ మళ్ళీ చెప్పాను. "సీఐడీ గారూ, టీ తాగుతారా?" అన్నాడు రైల్వే అబ్బాయి. ఆ పేరు నాకు అంటుకుపోయింది. వీధిలో కూడా అలాగే పిలిచేవారు.

విశాఖ ఆఫీసు వాళ్ళు రావడానికి వారం ముందు, ఒక వాన ఉదయం. డిస్కు నిండిపోయిందని, పాతవేవో తీసెయ్యాలని మాస్టారు పెందరాళే వచ్చి పెద్ద కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మధ్యలో అందరినీ టీకి వదిలారు. ఆయన కుర్చీలోంచి లేచారో లేదో నేను చూడలేదు. నేనూ ఆ పక్క సీటు అమ్మాయీ ఎదురు కొట్టు చూరు కింద నిలబడి కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. తిరిగి వచ్చేసరికి గదిలో అరుపులు. ఎల్ ఎస్ కొడితే ఏమీ రావడం లేదు. అందరి ఫోల్డర్లూ ఖాళీ. విశాఖ వాళ్ళకు చూపించాల్సిన పనంతా పోయింది. నాదీ పోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఈ గదిలో రూట్ తెరిసుందని ఎవుడన్నాడు?" అన్నారు మాస్టారు.

అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

"నేనే అన్నాను. మూసెయ్యండి అని చెప్పాను."

"తెరిసుందని తెలిసినోడికే దూరాలనిపిస్తది. అడిగడిగి ఖాతా తీసుకున్నది ఇందుకేనేటి?"

పక్క సీటు అమ్మాయి తల దించుకుంది. అన్న నాతోనే బయట ఉన్నాడు అని ఆమె అనలేకపోయింది. ఒంటరిగా ఒక కుర్రాడితో చూరు కింద నిలబడిందని తెలిస్తే ఆదివారం చర్చిలో వాళ్ళ నాన్న తలెత్తుకోలేడు. ఆమెను నేను ఏమీ అడగను. అలాగని మరిచిపోనూ లేదు.

నేను ముందుకు వెళ్ళి, "మాస్టారూ, పైబాణం నొక్కండి" అన్నాను.

నల్ల తెర మీద పైబాణం మీట నొక్కితే అంతకుముందు కొట్టిన ఆజ్ఞ మళ్ళీ కనిపిస్తుంది. ఇంకోసారి నొక్కితే దానికి ముందుది. ఈ కిటుకు మాకు నేర్పింది ఆయనే. రూట్ ఇంకా తెరిచే ఉంది. నాలుగుసార్లు నొక్కితే చాలు. చెరిపిన ఆజ్ఞ కనిపిస్తుంది, దానికి ముందు ఆ కుర్చీలో జరుగుతున్న పనీ కనిపిస్తుంది. బయటివాడెవడో వచ్చి చెరిపాడా, పాతవి తీసేస్తున్నవాళ్ళే ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చూసుకోకుండా కొట్టేశారా, అందరికీ తెలిసిపోతుంది.

ఆయన చెయ్యి మీట మీదకు వెళ్ళింది. నేను చూశాను. వేలు దాని మీద ఆగింది. తరవాత ఆయన కిందికి వంగి యూపీఎస్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే వైరు లాగేశారు.

తెర ఆరిపోయింది. కొట్టిన ఆజ్ఞల వరస లాగవుట్ అయ్యాకే డిస్కు మీద పడుతుంది. అందాకా అది జ్ఞాపకంలోనే ఉంటుంది. వైరు లాగితే పోతుంది. ఇది కూడా ఆయన చెప్పిన పాఠమే.

"వైరస్సుంటే పాకకుండా తీసినాను" అన్నారు గదితో. "రేపటినుంచి నువ్వు రాకు" అన్నారు నాతో.

ఇంటికి వెళ్తే మా అమ్మ ఒకటే అడిగింది: "నువ్వు సేసినావా?"

"లేదు."

"మరెందుకు లేసొచ్చేసినావు? ఎల్లి అక్కడే కూకో."

వెళ్ళాను. విశాఖ వాళ్ళు వచ్చిన రోజు దాకా ఆ కేంద్రం అరుగు మీదే కూర్చున్నాను. నా పక్కన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవారు, వేసుకుని పోయేవారు. లోపల వాళ్ళు రాత్రీ పగలూ పని మళ్ళీ చేసుకున్నారు. విశాఖ వాళ్ళు రైల్వే అబ్బాయిని, ఇంకో దుకాణం వాళ్ళబ్బాయిని తీసుకున్నారు. "బయట కూర్చున్నాడు, ఎవరతను?" అని వాళ్ళలో ఒకాయన అడిగారు. "ఎవుడో ఊరోడండీ" అన్నారు మాస్టారు.

తరవాత విశాఖలో జిరాక్సు కొట్లో పనిచేస్తూ, సాయంత్రాలు నెట్ సెంటర్లో కూర్చుని మిగతాది నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు చేస్తున్నది ఆ కాపలా పనే. అక్కడికి చేరడానికి నాకు పట్టిన ఏళ్ళు ఆ ఇద్దరికీ పట్టలేదు. అది నా మనసులోంచి పోదు. మావాళ్ళు వదిలెయ్యమంటారు. వదిలేద్దామనే పడుకుంటాను. కళ్ళు మూస్తే ఆ వేలు మీట మీద ఆగి ఉంటుంది.

నేను మాస్టారిని అడగకపోలేదు. ఒకసారి పాడేరు బస్టాండులో అడిగితే, "నా బస్సొచ్చేసింది" అన్నారు. ఆ బస్సు కదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది. కిటికీ పక్కన సీట్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పక్క సీటు అమ్మాయి పెళ్ళిలో అడిగితే, "ముందు బిర్యానీ తినరా" అని నా ప్లేటులో ముక్కలు వేసి వెళ్ళిపోయారు. ఫోన్లో అడిగితే గొంతు వినపడటం లేదన్నారు.

మాస్టారూ, చెరిపింది మీరేనని నేను అనడం లేదు. ఎవరో నాకు తెలీదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉండేది, దాన్ని మీరు నా కళ్ళముందే మూసేశారు. ఇన్నేళ్ళూ నన్ను దొంగ అన్నారు, ఊరికి సరదా కథ చేశారు. నాకు క్షమాపణ అక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు. కుర్రతనంలో జరిగిందిలే అనొద్దు, గుర్తు లేదనొద్దు. వేలు మీట దాకా వెళ్ళింది. దాన్ని నొక్కకుండా వైరు ఎందుకు లాగారు? ఈసారి బస్సు లేదు, పెళ్ళి లేదు. జవాబు చెప్పండి.