బల్లకట్టు ఎక్కని గుర్రం

మొన్న కాలవ వంతెన దగ్గర జట్కా గుర్రం మొరాయిస్తే బండివాడు కొరడా తీయడం చూసి, ఎన్నాళ్ళకో మా బాబాయి పెళ్ళి గుర్రం గుర్తొచ్చింది. నా మాటల్లో సగం కోత పెట్టుకుని వినడం మీకు అలవాటే గాని, ఈ ఒక్కదానికీ ఆ శ్రమ వద్దు.

నరసాపురంలో మా ఇంటి వెనక పాకలో ఆ గుర్రమూ, చాకలి పెద్దయ్య గాడిదా ఒకదాని మెడ మీద ఒకటి తల వాల్చి నిద్రపోయేవి. గాడిద కుడితి ముట్టందే గుర్రం ముట్టేది కాదు. గాడిదకు జలుబు చేస్తే తుమ్మేది మాత్రం గుర్రమే.

పెళ్ళి గోదావరికి అవతలి గట్టున. గుర్రం మీదే వస్తానని బాబాయి కాబోయే మామగారికి మాటిచ్చాడు. తీరా రేవులో, బల్లకట్టు పలక మీద ముందుకాలు మోపిన గుర్రం అక్కడే పాతుకుపోయి, వెనకున్న పెళ్ళివారినందరినీ ఆపేసింది. బెల్లం పెట్టారు, కళ్ళకు గుడ్డ కట్టారు, కదల్లేదు. అప్పటికే గోదావరికి పాటు మొదలై, నీరు సముద్రం వైపు తీస్తోంది. నీరు ఇంకాస్త తీస్తే బల్లకట్టు బురదలో కూర్చుంటుంది, ముహూర్తం దాటిపోతుంది. అంతలో గుర్రం మా ఇంటివైపు తల తిప్పి సకిలించింది.

"ఆ గాడిదను తోలుకురండర్రా" అంది నాయనమ్మ.

"గాడిద వెనకాల పెళ్ళికెళ్ళనా అమ్మా?" అన్నాడు బాబాయి.

"మానెయ్. పెళ్ళి తొందర దానికి లేదు, నీకే ఉంది."

గాడిద వచ్చి, పలకను వాసన చూసి తాపీగా ఎక్కింది. అది అడుగేసిన చోటే అడుగేస్తూ గుర్రమూ ఎక్కింది. అవతల దిగాక కూడా అదే వరస, ముందు గాడిద, వెనక పెళ్ళికొడుకు. ఎదురొచ్చిన వియ్యంకుడుగారు గాడిదనూ గుర్రాన్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇంటి ఆచారమాండి?" అన్నారు. "తరతరాలదండి" అంది నాయనమ్మ, నవ్వన్నది ఎరగని మొహంతో. ఇంకేముంది, గాడిదకు కాళ్ళు కడిగి బొట్టు పెట్టారు.

తిరుగు ప్రయాణంలో రేవు దగ్గర కొత్త పెళ్ళికూతురు, మా పిన్ని, ఆగిపోయింది. అప్పటికి చిన్నపిల్ల, వాళ్ళ అమ్మమ్మ కొంగు వదలదు. పెద్దలు గదమాయిస్తుంటే బాబాయి నెమ్మదిగా, "గుర్రానికి గాడిదను తెచ్చినవాళ్ళం, ఈ పిల్లకి వాళ్ళమ్మమ్మను తీసుకెళ్ళలేమాండి?" అన్నాడు.

"అయితే నన్ను గాడిదను చేశావా నాయనా" అని నవ్వుతూ ఆ పెద్దావిడే ముందుగా బల్లకట్టు ఎక్కింది, కొంగు పట్టుకునే పిన్నీ ఎక్కింది. ఆర్నెల్లు మా ఇంట్లోనే ఉండి, పిన్ని మా వంటింట్లో గలగలా మాట్లాడడం మొదలెట్టాకనే ఆవిడ ఊరెళ్ళింది.

ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన వచ్చింది. పెళ్ళికూతురు రైలుపెట్టెలో కూర్చుని కళ్ళు తుడుచుకునేలోగా అవతలి స్టేషను వచ్చేస్తుంది. సుఖమే, కాదనను. కానీ ఒక్కరికి అడుగు పడకపోతే బల్లకట్టెడు జనమూ ఆగి, ఆ ఒక్కరికి ఎవరు తోడుంటే బాగుంటుందా అని చూసే ఆ తీరిక మాత్రం, రేవులతోపాటే పాడుపడిపోయింది.