అమ్మ ఈసీజీలో సాగిన గీత

హైదరాబాద్‌లో మందుల్ని పరీక్షించే ల్యాబులో నా పని గుండె కణాలతో. ఒక్క కణాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి గాజు గొట్టం మొనను దాని పొరకు అతికిస్తాను. కణంలో పుట్టే కరెంటు కంప్యూటర్ మీద గీతగా కనిపిస్తుంది. తర్వాత మందు వేస్తాను. కొన్ని మందులకు కణం ఒకసారి కొట్టుకున్నాక కుదుటపడటానికి ఆలస్యమవుతుంది, గీత సాగుతుంది. అలాంటి మందు మనిషి గుండె లయను తప్పించవచ్చు.

మొన్న వానాకాలం సెలవు పెట్టి, ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఉండే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాను. నాన్న గనిలో డ్యూటీకి వెళ్లారు. అమ్మకు దగ్గూ వాంతులూ ఉంటే, తనే షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటోంది. వరండాలో బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి ఒరిగిపోయింది. పక్క క్వార్టర్ పెద్దమ్మ పరుగున వచ్చి పట్టుకుంది. ఆమెది సరిహద్దులోని కుంట ఊరు, మాటా ఆ వైపుదే.

"అట్ల నిలబడి చూస్తవేంది పిల్లా? ఆటో పిలువు! మీ అమ్మను నే పట్టుకున్న."

నేను ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ తీసింది. ఆ కాగితం చూడగానే గుర్తుపట్టాను. ల్యాబులో చూసే సాగుడే, ఇప్పుడు అమ్మ గుండెలో. డాక్టరమ్మ మాత్రల అట్టలు తిప్పి చూసి, "ఈ రెండూ కలిపి వేసుకోకూడదు. ఇప్పుడే బంద్ చేయండి," అంది హిందీలో. సెలైన్ పెట్టి, మానిటర్ తగిలించి వార్డులో ఉంచింది. మర్నాటికి గీత మామూలైంది.

పెద్దమ్మ తెచ్చిన గంజి తాగుతూ అమ్మ అడిగింది.

"ఆ రెండూ కలిస్తే పడవని డాక్టరమ్మకెలా తెలిసిందే?"

"నాలాంటివాళ్లు ఎవరో ముందే గుండె కణాల మీద వేసి చూసుంటారమ్మా."

"ఒక్క కణమేటి, అదీ కొట్టుకుంటాదా?"

"కొట్టుకుంటుంది. మైక్రోస్కోపులో కనిపిస్తుంది."

"ఎవరి గుండెదే అది?"

"గుండె కోయరమ్మా. ఎవరో కాస్త రక్తం ఇస్తారు. దాన్నుంచే ల్యాబులో గుండె కణాలు పెంచుతారు."

అమ్మ గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది.

"ఆ ఇచ్చినోళ్లు సల్లగుండాల."

ఇన్నేళ్లలో కణాలు వచ్చే సీసా మీది నంబరు తప్ప, ఆ రక్తం ఇచ్చిన మనిషి ఒక్కసారీ నా తలపుకు రాలేదు. అమ్మ పక్కన కూర్చుని నేనూ మనసులో దండం పెట్టుకున్నాను.