మా చర్చిలో ఏథెన్స్ పద్ధతి

మా నాన్న రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో. ఉద్యోగం అయిపోయినా చర్చి కార్యదర్శి పదవి మాత్రం ఆయనను వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు. ప్రతి ఎన్నికలోనూ ఆయనే గెలిచేవారు. ఆయనకు ఎదురు నిలబడేది చిన్ననాటి స్నేహితుడే. ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం నడిపేవారాయన. చివరిసారి ఓట్ల లెక్కింపు సరిగా జరగలేదని ఆయన నాంపల్లి కోర్టులో కేసు వేశారు. అప్పటినుంచి ఆదివారం ఆరాధనలో రెండు వర్గాలూ చెరో వైపు కూర్చునేవి. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభురాత్రి భోజనానికి కూడా ఒక వైపు వాళ్లు తిరిగి వచ్చి కూర్చున్నాకే రెండో వైపు వాళ్లు లేచేవారు.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఒక సాయంత్రం మర్నాటి పాఠం చూసుకుంటుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏం చెప్తున్నవ్ బిడ్డా పిల్లలకు?"

"ఏథెన్స్ పాలన, డాడీ. సేనాపతుల్ని ఎన్నుకునేటోళ్లు. మిగతా పదవులు చాలామట్టుకు చీట్లేసి ఇచ్చేటోళ్లు. అది గూడ ఒక్క ఏడాదికే."

"చీట్లేసి రాజ్యం నడిపిన్రా?"

"ఔ. ఎన్నికలు పెడితే ఉన్నోడో, పేరున్నోడో గెలుస్తడని వాళ్ల అనుమానం."

వంటింట్లోంచి అమ్మ అడిగింది. "ఆడోళ్ల పేర్లు గూడ ఏసేటోళ్లా?"

"లేదమ్మా. ఆడోళ్లకు, బానిసలకు, బయటనుంచి వచ్చినోళ్లకు చోటే లేకుండె."

మా చర్చి సంఘంలోనూ ఒక్క స్త్రీ కార్యదర్శి అయింది లేదు.

"మరి రోమోళ్లు?" అన్నారు నాన్న.

"ఏటేటా ఇద్దర్ని ఎన్నుకునేటోళ్లు. ఇద్దరికీ సమాన అధికారం. ఒకడు చేసేది ఇంకొకడు వద్దంటే ఆగిపోతుండె."

నాన్న కిటికీ వైపు తిరిగారు. "మా దోస్తు, నేను గట్లనే ఉన్నం బిడ్డా. నేనన్నది వాడు ఆపుతడు, వాడన్నది నేను ఆపుత. వానొస్తే చర్చి కప్పు కారి బెంచీల మీద నీళ్లు పడుతున్నయ్."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్లారు. స్నేహితుడు కౌంటరు వెనక నుంచి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. నాన్న నిలబడే చెప్పారు.

"నువ్వు కేసు వాపసు తీసుకో. నేను రాజీనామా ఇస్త. చర్చిల ఓటున్నోళ్ల పేర్లన్నీ, ఆడోళ్లవి గూడ, చీట్లేద్దాం. ఎవరికొస్తే వాళ్లు ఒక్క ఏడాది చేస్తరు."

"ఓడిపోతనని భయమైతుందారా?"

"గెలుస్తనని భయమైతుంది. నేను గెలిస్తే సగం మంది పోతరు. నువ్వు గెలిచినా గంతే."

ఆయన ఒక కళ్లజోడు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి పక్కన పెట్టారు. పనివాణ్ని పిలిచి మూడు చాయ్‌లు తెమ్మన్నారు.

సంఘం ఒప్పుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. జూదమా ఇది అని కొందరు కోపగించారు. యూదా స్థానంలో ఇంకొకరిని ఎంచుకోవడానికి యేసు శిష్యులు కూడా చీట్లు వేశారు కదా అని పాస్టరు అయ్యగారు అన్నాక సద్దుమణిగింది. స్నేహితుడు కేసు వాపసు తీసుకున్నారు, నాన్న రాజీనామా ఇచ్చారు. రెండు కుటుంబాలు మాత్రం వేరే చర్చికి వెళ్లిపోయాయి, తిరిగి రాలేదు.

చీట్లు తీసే ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల సంచిలోంచి అయ్యగారు తీసిన చీటీ ఒక నర్సుది. సర్కారు దవాఖానలో డ్యూటీ దిగి నేరుగా వచ్చి వెనక బెంచీలో కూర్చుని, అందరికంటే ముందే వెళ్లిపోయేదామె. పేరు వినగానే లేచి నిలబడింది.

"నాకు రాదు అయ్యగారూ. ఇంకొకరిని చూడున్రి."

"నేను నేర్పిస్తనమ్మా, ఫికర్ చేయకు," అన్నారు నాన్న.

ఆమె మొదట్లో రోజూ నాన్నకు ఫోన్ చేసేది. అంకుల్, గిది ఎట్లా, గది ఎట్లా అని. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత ఫోన్ మోగడం మానేసింది. నాన్న దాన్ని జేబులో పెట్టుకునే తిరిగేవారు. మధ్యాహ్నాలు స్టేషన్ దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చేవారు. పదవి పోయిందని ఒక్కమాట అనలేదు కానీ ఆ ఏడాది ఆయన నడకలో వేగం తగ్గింది. చర్చి పైకప్పు మాత్రం వానలకు ముందే బాగైంది. ఆమె రెండు వైపుల వాళ్లనూ ఆ పనికి పిలిచింది.

ఏడాది గడిచాక మళ్లీ ఎన్నికలే కావాలన్నారు జనం. చేతులెత్తమన్నారు. చీట్లే ఉండాలని ఎత్తిన కొద్ది చేతుల్లో నాన్నది, ఆయన స్నేహితుడిది ఉన్నాయి. ఇద్దరూ ఓడిపోయారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఆ నర్సు లేచి, తను పోటీ చేస్తానంది. తర్వాతి నెలలో జరిగిన ఎన్నికలో గెలిచింది కూడా.

ఆ రోజు నాన్న, స్నేహితుడు, నేను ఆబిడ్స్ నుంచి నడిచి వస్తున్నాం. నాన్న దారిలో ఆగి స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఇన్నేండ్లు ఆ పిల్ల మన వెనకనే కూసుంది రా. ఏదన్న పని చేస్తవా అని ఆమెను నువ్వూ అడగలే, నేనూ అడగలే."

సిగ్నల్ పడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని రోడ్డు దాటారు.