బావమరిది చేతికి కట్టిన నా గుండె

మా బావమరిది ఓబులేసు నా ఎదురుగానే కూర్చుని నాతో మాట్లాడడం లేదు. ఎందుకో చెప్తా వినండి, తప్పంతా నాదే.

నా గుండె అప్పుడప్పుడు లయ తప్పుతుందని డాక్టరమ్మ రక్తం పలచన చేసే మాత్ర ఇచ్చింది. అది తింటే తుమ్మముల్లు గీసుకున్నా రక్తం తొందరగా నిలవదు. రెండుసార్లు రక్తంతో పంచె తడుపుకుని ఇంటికొచ్చేసరికి మా ఇంటిది గంగమ్మ నా చేతికర్ర లాక్కుంది. మాత్ర మానేదాకా గొర్రెల వెంట పోవద్దని, మందను తన తమ్ముడు ఓబులేసుకు అప్పగించింది. గొర్రెలు లేకుండా ఇంట్లో కూర్చోవడం నాకు చావుతో సమానం.

ఆమధ్య అనంతపురం పోతే డాక్టరమ్మ నా చేతికి ఒక గడియారం కట్టింది. టైం కోసం కాదు, గుండె కొట్టుకునేది రాసుకునేదానికి. మూడు వారాలు తీయకూడదు. లయ ఎక్కడా తప్పకపోతే మాత్ర ఆపే సంగతి చూద్దామంది. గడియారం వేరేవాళ్లకు ఇవ్వరాదని కాగితంలో ఉండింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి, ఆ మాట రెండుసార్లు చదివినా.

చదివి కూడా నా బుద్ధి సంతకు పోయింది. సంతలో కొనేవాడు వస్తే బక్క గొర్రెను ముందు నిలబెడతామా? బలిసిన పొట్టేలును నిలబెడతాం. మా ఇంట్లో బలిసిన పొట్టేలు ఓబులేసే. ఒక్కరోజు జ్వరమని పడుకున్నవాడు కాదు. గడియారం కట్టుకుంటావా అంటే రొమ్ము విరుచుకుని చెయ్యి చాచినాడు.

గడువు తీరినాక వాణ్ణి తోడు తీసుకుని బయలుదేరినా. బస్సులో గడియారం నా చేతికి మార్చుకున్నా. వాణ్ణి ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయినా. డాక్టరమ్మ కంప్యూటరు చూస్తా చూస్తా నొసలు ముడిచింది. లయ చాలాసార్లు తప్పిందంట. మాత్ర లేకపోతే రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చంట, మనిషి పడిపోవచ్చంట.

"ఒక్క పూట కూడా మాత్ర మానొద్దు పెద్దాయనా."

మాత్ర తినేది నేను. పడిపోయేవాడు బయట బెంచీ మీద శనక్కాయలు ఒలుచుకుంటాండాడు.

చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే వాడు పోతాడు. చెప్పేసినా. డాక్టరమ్మ వాణ్ణి పిలిచి, పడుకోబెట్టి ఈసీజీ తీస్తే అందులోనూ అదే తప్పు.

ఓబులేసు లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటా నన్ను చూసినాడు.

"మూడు వారాలు గడియారం కట్టి నీ రోగం నాకు అంటించినావు కదా బావా."

అది అంటుకునే రోగం కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా వాడు నమ్మలేదు. వాడికీ అదే మాత్ర రాసింది. నా గుండె ఎట్లుండాదో మాత్రం ఇంకా తెలియదంట. నాకు మళ్లీ మూడు వారాల గడియారం, అంతదాకా మాత్ర మామూలే.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే గంగమ్మ తిట్టలేదు. తిట్టింటే బాగుండేది. మూలనున్న కర్ర తీసుకుని, "ఇంగ మీరిద్దరూ ఈడనే ఉండండి" అంది, అంతే.

ఇప్పుడు మందను ఆమే తోలుకుపోతుంది. దొడ్లో మిగిలేది పాలు మరవని గొర్రెపిల్లలు, మేమిద్దరం. నిన్న ఆ పిల్లల్లో ఒకటి కాస్త పెద్దదైందని దాన్ని కూడా మందలో కలుపుకుని పోయింది.