భీమవ్వ వేలిముద్ర

దేశంలోని పరుగు గురువులందరూ బోధన్ వచ్చి భీమవ్వ ముందు వరుసగా కూర్చొని పాఠం నేర్చుకోవాలి, లేకపోతే ఈ దేశానికి పతకాలు రావు. ఇది ఆమె మనవరాలి మాట. భీమవ్వ మాత్రం బుద్ధెరిగాక బస్సు కోసమైనా పరుగెత్తిన మనిషి కాదు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, రోజుకు వెయ్యి బీడీలు. కదిలేవి వేళ్లే.

ఆమె చిన్నకొడుకు లింబయ్యకు పదహారేళ్లు వచ్చినా బుద్ధి ఐదేళ్ల దగ్గరే ఆగింది. కాళ్లు మాత్రం ఆగలేదు.

"నేను పది బీడీలు చుట్టేలోపల రైలు గేటు ముట్టుకొని రా బిడ్డా" అనేది. వాడు దుమ్ము లేపుకుంటూ ఉరికేవాడు. తిరిగి వస్తూ సందు మలుపులో కనిపించేదాకా ఆమె పదో బీడీకి దారం చుట్టేది కాదు. అంత మోసగత్తె!

తొంభై ఆరులో ఆ పరుగు కనీజ్ టీచర్ కంట్లో పడింది. ఆమె అలాంటి పిల్లలకు బడి నడిపేది. లింబయ్యను నిజామాబాద్ పోటీలకు ఎంపిక చేసింది. భీమవ్వ వాడికి తెల్ల బూట్లు కొని, వారం రోజులు వాటిని తలగడ పక్కన పెట్టుకొని పడుకుంది.

పోటీకి మూడు రోజుల ముందు పెద్దకొడుకు ఆత్మారాం తన కిరాణా దుకాణం నుంచి వస్తూ ఒక కాగితం తెచ్చాడు.

"అవ్వా, బీడీ కార్డుది. ఏలు పెట్టు."

ఆసుపత్రికైనా పింఛనుకైనా అదే ఆధారం కాబట్టి, బీడీ కార్డంటే ఆ వాడకట్టులో ఏ ఆడమనిషీ రెండో మాట అడగదు. భీమవ్వ చేట దించకుండానే వేలు పెట్టింది.

పోటీ రోజు తెల్లారేసరికి లింబయ్యకు బూట్లు తొడిగి బడి ముందుకు తీసుకొచ్చింది. మిగతా పిల్లలు అప్పటికే బస్సెక్కారు.

"నువ్వే వద్దన్నవు గదా భీమవ్వా" అని కనీజ్ టీచర్ విస్తుపోయింది. "పిల్లగాన్ని పంపనని రాసిచ్చినవు. వాని జాగల ఇంకొకని పేరు పంపిన." కాగితం తీసి చూపించింది.

భీమవ్వకు అక్షరాలు రావు. కానీ ఆ వేలిముద్ర నడుమ ఆకు కత్తిరించే కత్తెర కోసిన గాటు ఎవరిదో తెలుసు.

బస్సు కదిలింది. లింబయ్య దాని వెనక చౌరస్తాదాకా ఉరికి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"గెల్సిన్నా అవ్వా?"

"గెల్సినవ్ కొడుకా."

వాడి చేయి పట్టుకొని నేరుగా దుకాణానికి నడిచింది. గిరాకీకి వచ్చినవాళ్ల ముందే పెద్దకొడుకును నిలదీసింది.

"ఎందుకు జేసినవ్‌రా?"

"పేపర్ల ఫొటో ఏస్తరట అవ్వా. గీన్ని జూసి ఊరు నవ్వితే నేను గల్లామీద ఎట్ల గూసోవాలె?"

"ఇన్నేండ్లు వాడు సందుల ఉరికితె ఊరు సూడలేదారా? సిగ్గు నీకే వచ్చింది."

మరుసటి ఏడు ఆ బడి మూతపడింది. లింబయ్య నిజామాబాద్ మైదానం చూడనే లేదు. భీమవ్వ ఆత్మారాం ఇంట్లోనే ఉండి, అతనికి వండి పెడుతూనే ఉంది. అతను ఏ కాగితం తెచ్చినా మాత్రం చేతులు కొంగులో దాచుకునేది. పింఛను కాగితమైనా కనీజ్ టీచర్ చదివి చెప్పాల్సిందే.

ఆత్మారాం జుట్టు నెరిసింది. మొన్న అతని కూతురే, అంటే పతకాల గురించి కోతలు కోసిన ఈ మనవరాలే, రాయబారం మోసింది.

"బాపమ్మా, బాపు ముసలోడైతుండు. ఇగనన్న మాఫ్ చెయ్యరాదు?"

"చెయ్య. బువ్వ పెడుతున్న గదా, గంతే. నడువ్."