భయంలో సగం

కార్వాన్ బస్తీలో గుండయ్య దగ్గర దేవుడి మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. స్తంభాలెక్కి దిగి గట్టిపడ్డ ఒళ్ళు, దానికి తగ్గ గొంతు. బోనాల చందాకు వచ్చిన పిల్లలకు చందా ఇవ్వకుండా పంపేవాడు కాదు గానీ, దాంతో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చి పంపేవాడు. వాళ్ళేం తక్కువ తిన్నారా? ఆయన లేని వేళ చూసుకుని వచ్చి, ఆయన భార్య కాశమ్మ దగ్గర తీసుకుని పోయేవాళ్ళు.

ఆయనకు జోడీ ప్రేమ్‌రాజ్. పత్తర్‌గట్టి వెనక సందులో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. వెంకన్న, ఏసుప్రభువు, మక్కా పటం, పోయినవాళ్ళ ఫొటోలు అన్నీ అతని చేతుల మీదుగానే గోడలకెక్కేవి. "దేవుళ్ళందరికి గోడ మీద జాగ ఇచ్చింది నేను. నాకు గాళ్ళు ఇచ్చేదేంది?" అనేవాడు. సాయంత్రం ఇద్దరూ దుకాణం ముందు చాయ్ తాగుతూ లోకంలోని మూఢత్వాన్ని చీల్చి చెండాడేవాళ్ళు. చావు మాట వస్తే గుండయ్య దగ్గర ఒక్కటే జవాబు: "సచ్చుడంటే కరెంటు పోవుడే. బల్బుల వెలుగు యాడికి పోయిందని ఎవలన్న అడుగుతరా?" ప్రేమ్‌రాజ్ తొడ చరిచి, "వా భాయ్!" అనేవాడు. ఎన్ని ఏళ్ళు చెప్పినా ఆ మాట పాతబడలేదు. చావింటికి పోయి ఏడుస్తున్నవాళ్ళకు కూడా అదే చెప్పి వచ్చేవాడు గుండయ్య. పాపం, వాళ్ళెవరూ అడిగి ఉండరు.

అట్లాంటి గుండయ్యకు పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం చావంటే భయం పట్టుకుంది.

పెద్దగా జరిగిందేమీ లేదు. అన్నం తిని మంచం మీద వాలాడు. కరెంటు పోయింది. పైన ఫ్యాను తిరుగుడు మెల్లమెల్లగా తగ్గుతోంది. ఊరికి కరెంటు ఆపి పెట్టిన మనిషికి ఇదొక వింతా? కానీ ఆ పూట ఆ రెక్కలను చూస్తూ చూస్తూ ఉండగా, తాను నిజంగానే ఒకనాడు ఉండడన్న సంగతి మొదటిసారి తెలిసినట్టు తెలిసింది. నోరు ఎండిపోయింది. బయట కాశమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు రేపు కూడా ఉంటుంది, వినడానికి తాను ఉండడు. కరెంటు వచ్చింది, చెమట ఆరింది, భయం మాత్రం పోలేదు.

అప్పటి నుంచీ తిండి సహించడం మానేసింది. కాశమ్మ చూసి, షుగరు పెరిగిందని తనకు తానే తేల్చేసి, చాయ్‌లో చక్కెర బంద్ చేసింది. ఆ చప్పటి చాయ్‌ని గుండయ్య కిమ్మనకుండా తాగాడు. అసలు సంగతి చెప్పడం కంటే అదే నయమనిపించింది.

చెబితే ఎవరికి చెప్పాలి? కాశమ్మకు చెబితే ఇన్నేళ్ళ వాదం ఒక్క పూటలో ఓడిపోయినట్టే. వెంటనే మెడలో ఏదో తాయెత్తు పడుతుంది. ప్రేమ్‌రాజ్‌కు చెబుదామంటే సిగ్గు. చెబుదామా వద్దా అని ఊగుతుండగానే ప్రేమ్‌రాజ్ కాలేయం పాడై దవాఖానలో పడ్డాడు. గుండయ్య రోజూ పోయి పక్కన కూర్చునేవాడు. "ఏంరా, నా ఫ్యూజు కొట్టేసేటట్టున్నది," అని నవ్వేవాడు ప్రేమ్‌రాజ్. గుండయ్యా నవ్వేవాడు. 'నీకు భయమైతలేదా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగి బత్తాయి ఒలిచి పెట్టేవాడు. బత్తాయిలు ఒలుస్తుండగానే రోజులు అయిపోయాయి. ప్రేమ్‌రాజ్ పోయాడు.

గుండయ్యను తినేస్తున్నది ఒక్కటే. వాడు బెదరకుండా పోయాడా? అట్లా పోయి ఉంటే లోపమంతా తనలోనే ఉంది. నమ్మకం లేనివాడికి ఉండాల్సిన ధైర్యం తనకు లేదు. ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్త నోటి మాట.

మూడో రోజు మూసీ ఒడ్డున శ్మశానంలో పిట్టకు కూడు పెట్టారు. ప్రేమ్‌రాజ్ ఈ తంతులన్నీ వద్దన్నవాడే గానీ, అతని భార్య వరమ్మ వినలేదు. "ఆయన తీరు ఆయనది. నేను ఆయన పెండ్లాన్ని, నా తీరు నాకుంటది," అంది. విస్తట్లో అన్నం, బోటి కూర, గారెలు, పక్కన ఒక పెగ్గు కూడా పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి కలిగినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అది తీరుస్తామని ఒక్కొక్కరూ మాటివ్వాలి.

కాకి రాలేదు. ఎండ ముదిరింది. కొడుకు నందు ముందుకు పోయి, "బాపూ, దుకాణం అమ్మను. నేనే నడుపుత," అన్నాడు. రాలేదు. ప్రేమ్‌రాజ్ అక్క లలితమ్మ, "తమ్మీ, నీ పెండ్లాన్ని కండ్లల్ల పెట్టుకొని చూస్త," అంది. ఉహూ. వెనక గుసగుసలు మొదలయ్యాయి. దేవుణ్ణి నమ్మనోడు గదా, గట్లనే అయితది అని ఎవరో అననే అన్నారు. వరమ్మ ముఖం వాడిపోయింది.

"గుండన్నా, నువ్వు పో. నీ మాటంటే వింటుండె," అంది లలితమ్మ.

గుండయ్యకు చిర్రెత్తుకొచ్చింది. కాకితో మాట్లాడడమా, తనా! కానీ వరమ్మ ముఖం చూశాక కాదనలేకపోయాడు. ఏం చేయాలో తోచక తల పైకెత్తాడు. ఆకాశంలో కాకులు లేకపోవడమేమిటి, బోలెడున్నాయి. అన్నీ గోడ అవతలి సందు మీదే తిరుగుతున్నాయి. అక్కడ కోడిమాంసం దుకాణం ఉంది.

"ఇప్పుడే వస్త," అని గోడ చుట్టూ తిరిగి పోయాడు. దుకాణం ముందు పేగులూ ఈకలూ పడేసే పెద్ద నీలం డబ్బా. దాని మీద కాకుల దర్బారు.

"భాయ్, జర డబ్బే పే ఢక్కన్ రఖో. ఉధర్ మయ్యత్ కా ఖానా రఖే, కౌవే సబ్ ఇధరిచ్ బైఠే!" అక్కడ పోయినవాడికి అన్నం పెడితే కాకులన్నీ ఇక్కడే కూర్చున్నాయి, డబ్బాకు కాస్త మూత పెట్టమన్నాడు.

దుకాణంవాడు కత్తి పక్కన పెట్టేశాడు. "అరే చాచా, పహ్లే బోల్నా నై!" అని, ముందే చెప్పనందుకు విసుక్కుంటూ డబ్బాకు మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, చేతిలో గుడ్డతో కాకులను తోలాడు. అవి గోల చేస్తూ లేచాయి.

గుండయ్య తిరిగి వచ్చేసరికి వరమ్మ విస్తరి ముందు నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంటోంది: "నువ్వు ఎవలకు చెప్పొద్దన్నవో గాళ్ళకే చెప్త. ఇగ దాచిపెట్ట. ముట్టయ్యా."

కాకి దిగింది. ఒకటి కాదు, వెనకనే మరో నాలుగు. బోటి కూర మీద పడ్డాయి.

"ముట్టింది! ముట్టింది!" లలితమ్మ ఏడుస్తూ నవ్వింది. అందరి ఊపిరీ ఒక్కసారి వదులైంది. డబ్బా మూత సంగతి గుండయ్య గొంతు దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి, గెలిచే వాదాన్ని నోట్లోనే ఆపుకున్నాడు.

చేతులు కడుక్కునే నల్లా దగ్గరికి వరమ్మ అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మాటిచ్చిన గదా, చెప్పాలె. మీ దోస్తుకు మస్తు భయమైతుండె."

గుండయ్య చేతులు నల్లా కిందే ఉండిపోయాయి.

"నువ్వున్నంతసేపు నవ్వుతుండె. నువ్వు పోంగనే నా చెయ్యి గట్టిగ పట్టుకుంటుండె. 'ఒక్కన్నే పోవాల్నా వరమ్మా' అంటుండె. నేనేం చెప్త? చదువుకున్నదాన్నా? నల్లా వచ్చింది, వంకాయల ధర పిరమైంది, గిసొంటి ముచ్చట్లే చెప్పుకుంట కూసున్న. 'గుండన్నకు చెప్పకు, గాడు నన్ను చూసే ధైర్యంగున్నడు' అన్నడు."

"తర్వాత?" అన్నాడు గుండయ్య.

"తర్వాతేముంది. భయం పోలే అన్నా. కానీ, 'నీకు చెప్పినంక సగమైంది, ఆ సగం నువ్వు పట్టుకో' అన్నడు. గా దినం మంచిగ నిద్రపోయిండు. ఆఖరుకు నా చెయ్యి పట్టుకొనే పోయిండు."

గుండయ్యకు ముందు నవ్వు వచ్చింది. దొంగ నాయాలు! వీడిని చూసి వాడు, వాడిని చూసి వీడు, ఇద్దరూ ధైర్యం నటించి చచ్చారు. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నల్లా నీళ్ళు ముఖాన కొట్టుకుని దాచబోయాడు గానీ దాగలేదు. ఎండాకాలం నుంచీ ఛాతీ మీద కూర్చున్న బరువు కాస్త పక్కకు జరిగింది. తాను ఒక్కడే కాదు. అంత మాత్రానికే ఎంత హాయి!

ఇంటికి వచ్చి చాయ్ పెట్టమన్నాడు. చప్పటి చాయ్ చేతికిచ్చింది కాశమ్మ.

"నాకు షుగర్ లేదు. సచ్చుడంటే భయమైతుంది. ఎండాకాలం సంది," అన్నాడు. ఆ తరువాత ప్రేమ్‌రాజ్ సంగతంతా చెప్పాడు, ఆఖరుకు సగం పట్టుకోమన్న మాట కూడా.

కాశమ్మ తాయెత్తు మాట ఎత్తలేదు. ఓడిపోయావనీ అనలేదు. "గీ ముచ్చట ముందుగల చెప్పొద్దా? ఇన్ని దినాల సంది నీకు సప్పటి చాయ్ తాపిన," అని గ్లాసు లాక్కుని లోపలికి పోయి, చెంచాడు చక్కెర వేసి కలుపుకొచ్చింది.

చాయ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను మెల్లమెల్లగా తగ్గుతోంది. గుండయ్య రెక్కల వైపు చూశాడు. నోరు ఎండడం మొదలైంది.

"మళ్ళ వచ్చింది," అన్నాడు.

ఇల్లు ఊడుస్తున్న కాశమ్మ చేతిలోని చీపురు గోడకు ఆనించింది. కొంగుకు చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"జరుగు," అంది. "నా సగం నాకియ్యి."